ఇంకొక్క పట్టు

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో ఎదురు వరుసలో కూర్చున్న ముసలాయన నన్ను అదే పనిగా చూశాడు. పప్పు వడ్డించేదాకా చూసి, అప్పటికి ఆనవాలు పట్టి, "నువ్వు గోదావరిఖనిల టింబర్‌మన్ మరదలువు గదా బిడ్డా? గదే, తాగుడు బంద్ వెట్టి స్టేజీ ఎక్కిండు సూడు, ఆయన మరదలువు!" అన్నాడు. అవునన్నాను. "మస్తు తాగేటోడట. ఒక్క దెబ్బకు ఇడిసిపెట్టిండు. మొగోడంటె ఆయన," అని పక్కనున్న వాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లంతా నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను విస్తట్లోకి తల దించుకున్నాను.

మా బావ జన్మలో తాగలేదు. పండుగ పూట అందరూ కల్లు ముంతలు ముందు పెట్టుకుంటే ఆయన మజ్జిగ తాగిన మనిషి. ఆ మాట అక్కడ అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట అంటే తరువాతి మాట కూడా చెప్పాలి కదా. మరి తాగనివాడు డ్యూటీ ఎందుకు ఎగ్గొట్టాడమ్మా అని అడుగుతారు కదా. దానికి జవాబు చెప్పాలంటే మా ఇంట్లో అందరికీ సిగ్గే. పెరుగన్నం కలపకుండానే లేచి చేయి కడుక్కున్నాను. ఇంటికి వచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. పెళ్లిలో మింగిన మాటను ఇక్కడైనా కక్కుతాను.

మా ఊళ్లో ఇంటర్ కాలేజీ లేదు. అందుకని అమ్మ నన్ను బట్టల మూటతో సహా తెచ్చి అక్క దగ్గర దించి పోయింది. ఎనభైల్లో మాట. కంపెనీ క్వార్టరంటే రెండు గదులు, వెనక ఒక చిన్న వరండా. నేను వెళ్లిన మరుసటి పొద్దున బావ ఆ వరండాలో గొంతుక్కూర్చుని, ఒక చెక్కను గోడకు ఆనించి, దాని మీద రందా తోస్తున్నాడు. చెక్కను నున్నగా చేసే చిత్రికను మా వైపు రందా అంటారు. ఒక్కొక్క తోపుకు తెల్లటి పొట్టు సుడి తిరిగి లేచి ఆయన మోకాలి మీద పడుతోంది.

"ఏం చేస్తున్నవ్ బావా?" అన్నాను.

"నున్నగ చేస్తున్న."

"చేస్తె ఏమైతది?"

"నున్నగైతది."

మరదలిని కదా, ఆట పట్టిస్తున్నాడేమో అని మొహం చూశాను. లేదు. నిజంగానే చెప్పాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర అంతకు మించిన జవాబు ఆ రోజూ లేదు, ఆ తరువాతా లేదు.

ఇది చదివి బావ ఏదో గొప్ప పనివాడనుకునేరు. అంత సీను లేదు. అక్క ఒకసారి రొట్టెల పీట చేసిమ్మంది. మంచి మందమైన చెక్క తీసుకుని కూర్చున్నాడు. గీశాడు, గీశాడు, వారాల తరబడి గీశాడు. తీరా చేతికిచ్చాక అక్క జొన్నపిండి ముద్ద పెట్టి రెండు దెబ్బలు కొట్టగానే అది నడిమికి పగిలింది. "నేనడిగింది పీట. నువ్వు చేసింది అప్పడం," అంది అక్క. బావ పగిలిన రెండు ముక్కలనూ తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి నడిపించి, "పగిలితె పగిలింది గని, నునుపు సూడు," అన్నాడు.

ఆ బొటనవేలును నేను మరిచిపోలేను. ఏ చెక్క కనిపించినా అది దాని అంచు మీదికి పోయేది. బస్సులో సీటు అంచు, చాయ్ హోటల్ బల్ల, మా కాలేజీలో ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు కిటికీ చట్రం, దేన్నీ వదల్లేదు. ఫీజు తీసుకునే గుమాస్తా "ఏందన్నా, దుమ్ము చూస్తున్నవా?" అని కూడా అడిగాడు. నేను పక్కకు తిరిగి వేరే వాళ్ల మనిషినైనట్టు నిలబడ్డాను.

బావ పని బొగ్గుబాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా లోపల కట్టెదుంగలు నిలబెట్టే పని. దుంగలను కొలతకు కోయగా ముక్కలు మిగులుతాయి కదా, షిఫ్టు దిగి వచ్చే ప్రతివాడి చంకలో ఖాళీ టిఫిను డబ్బాతో పాటు ఆ ముక్క ఒకటి ఉండేది. మా దగ్గర వంటంతా బొగ్గు పొయ్యి మీదే. బొగ్గు దానంతటది అంటుకోదు, కింద ఎండుకట్టె పెట్టి ముట్టించాలి. అందుకని ఆ ముక్క పొయ్యి సొమ్ము. దాన్ని ఎవరూ అడ్డుకునేవాళ్లు కాదు, ఎవరూ తప్పనుకునేవాళ్లు కాదు.

మా క్వార్టర్ల లైనులో అందరి ముక్కలూ పొయ్యిలోకి పోయేవి. మా ముక్క వరండాలోకి పోయేది. అక్క రేకు చాట పట్టుకుని పక్కింటికి పోయి నిప్పులు అడుక్కునేది. "బాయిల కట్టె పని చేసేటోని ఇంట్ల కట్టె లేదానె?" అని పక్కింటావిడ నవ్వేది. అక్క ఆ నవ్వును చాటలో నిప్పులతో పాటే తెచ్చుకుని, ఊదుకుంటూ కళ్లు తుడుచుకునేది. పొగకే అనేది.

రందా పొట్టు బోలెడంత ఉండేది కదా, దాంతోనైనా ముట్టించుకోవచ్చు. దానికీ ఆయన అడ్డమే. "అగో, గది ముట్టియ్యకు. ఎంత సన్నగొచ్చిందో సూడు, ఎక్కడ తెగలే," అని ఒక పొడుగాటి పొట్టును తీసి, దేవుడి పటం పక్క మేకుకు తగిలించాడు. అది గాలికి ఊగుతూ చాలా రోజులు ఉంది. చుట్టాలు వస్తే అక్క దాన్ని తీసి దాచేది.

ఒక్కసారి మాత్రం ఆయన తనంత తాను నోరు విప్పాడు. "పొద్దంత నేనేం చేస్త? మంచి మంచి కట్టె తీస్కపోయి శీకట్ల నిలవెడ్త. దాని మీద కొండంత బరువు. ఇగ అది మల్ల ఎలుగు సూడదు. ఒక్క ముక్కనన్న మంచిగ జేసి ఎలుగుల వెట్టొద్దా?" అన్నాడు.

"దాన్ని ఎలుగుల వెట్టినవ్, నన్ను పొగల వెట్టినవ్," అంది అక్క.

ఇదంతా నవ్వుకునే ముచ్చటే. షిఫ్టు సైరన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాకు నవ్వు రాకపోయేది. మొదటి షిఫ్టు రోజున బావ చీకటితోనే లేచి, బూట్లు వేసుకుని, తయారై, ఇంకా టైముంది కదా అని వరండాలో కూర్చునేవాడు. అక్క టిఫిను డబ్బా మూత పెట్టి పిలిచేది.

"ఏమయ్యా, టైమైతంది."

"వస్తున్న. ఇంకొక్క పట్టు."

పట్టు అంటే రందా ఒక్క తోపు. ఆ ఒక్క పట్టు అయ్యాక చెక్క మీద ఎక్కడో ఒక గరుకు ఆయన వేలికి తగిలేది. దానికి ఇంకొకటి. ఈలోపు సైరన్ కూసేది. ఆ కూతకు ఆయన చేయి రందాతో సహా పైనే ఆగిపోయేది. ఆ మొహం చూడాలి. మెడ భుజాల్లోకి దిగిపోయేది. ఇప్పుడు ఉరికినా బాయి దగ్గరికి చేరేసరికి హాజరు అయిపోతుంది. లేచేవాడు కాదు. మా వైపు చూసేవాడు కాదు. కాసేపటికి, ఎట్లాగూ పోయింది కదా అన్నట్టు, రందా మళ్లీ కదిలేది.

అప్పుడు అక్క ముందు తలుపు గడియ వేసి, రేడియో గట్టిగా పెట్టేది. ఎవరైనా తలుపు కొడితే "జరమొచ్చింది, పండుకున్నడు" అనేది. మధ్యాహ్నం బావ బూట్లు కూడా విప్పకుండా ఆ టిఫిను డబ్బాలోనే తినేవాడు. ఇంట్లో ఉన్న మనిషికి డబ్బాలో తిండేమిటని నేనొకసారి పళ్లెం తీయబోతే అక్క కళ్లతోనే వద్దంది. పళ్లెంలో తినడానికి ఆయనకు మొహం చెల్లేది కాదు. షిఫ్టు దిగే వేళకు నల్లా దగ్గరికి వచ్చి, అందరితో పాటు, మసి లేని మొహాన్ని రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

మానాలని ఆయనకు లేక కాదు. రెండు మూడుసార్లు తనే రందాను తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "దాసెయ్. నేనడిగినా ఇయ్యకు," అన్నాడు. అక్క బియ్యం డబ్బాలో దాచింది. మరునాడు అన్నంలో రందా పొట్టు వచ్చింది. అదీ మానడం.

"తాగితె తాగిండని ఏడ్సేదాన్ని," అని అక్క నాతో ఒకరోజు కసిగా అంది. "కొడితె కొట్టిండని పంచాతి వెట్టేదాన్ని. కట్టె గీకుతుండని ఎవ్వలకు చెప్పుదునే? నవ్వరా? కడుపు చింపుకుంటె కాళ్ల మీదనే వడ్తది." మా క్లాసులో నేను కూడా బావకు జ్వరమనే చెబుతున్నాను.

చివరికి ఛార్జిషీటు వచ్చింది. చెప్పకుండా డ్యూటీకి పోకపోతే దాన్ని నాగా అంటారు, బావ నాగాలు హద్దు దాటాయి. పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఎంక్వయిరీకి రావాలి, కారణం చెప్పుకోవాలి, లేకపోతే నౌకరీ పోతుంది. నౌకరీ పోతే క్వార్టరు పోతుంది, మేమంతా మళ్లీ ఊరికి పోయి ఎవరి గడప ఎక్కాలో తెలియదు. కాగితం మీద ఏముందో చదవడానికి నేను కూడా వెళ్లాను.

ఆఫీసు వరండాలో బెంచీల మీద మాలాంటి వాళ్లే కూర్చుని ఉన్నారు. మగవాళ్లు ఒక పక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు ఒక పక్క. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. లోపలి మాటలు బయటికి వినబడుతూనే ఉన్నాయి. "ఎందుకు రాలేదయ్యా?" "తాగిన సార్." తరువాతివాడు. "తాగిన సార్." ఆ తరువాతివాడూ అంతే. ఆ సారుకు ఇది రోజూ పాఠమే. గోడకు అన్ని మతాల దేవుళ్ల పటాలూ ఉన్నాయి. ఎవరి దేవుడి మీద వాళ్ల చేత ఒట్టు పెట్టించి, పెళ్లాం చేత వేలిముద్ర వేయించి, ఇదే ఆఖరు అని గదమాయించి పంపిస్తున్నాడు.

మా వంతు వచ్చింది. బావ బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏం చేస్తుంటావయ్యా డ్యూటీకి రాకుండా?"

బావ బొటనవేలు సారు బల్ల అంచు మీద మెల్లగా నడుస్తోంది. నేను దాన్నే చూస్తున్నాను.

"నిన్నే అడుగుతున్నది. జబ్బా?"

"కాదు సార్."

"వేరే ఏదన్నా వ్యాపారం పెట్టావా?"

"లేదు సార్."

"మరి? తాగుతావా?"

వేలు ఆగింది. నలుగురితో పాటు నారాయణ అన్నాడు మా బావ. "తాగుత సార్."

అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. సారు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, కొడతాడా?"

"కొట్టడు సార్."

"తాగుతాడా?"

అక్క బావ వైపు చూసింది. బావ బల్ల వైపు చూస్తున్నాడు. లేదంటే మరెందుకు అని అడుగుతారు. ఆ మరెందుకుకు మా దగ్గర ఉన్న జవాబు ఏమిటి? అక్క పెదవులు కదిలాయి కానీ మాట వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా!"

"తాగుతడు సార్!" అంది అక్క. అది అరుపులా వచ్చింది. బయట బెంచీల మీద వాళ్లంతా విన్నారు. వాళ్లలో మా లైను వాళ్లు కూడా ఉన్నారు. లేని తప్పును పదిమందిలో ఒప్పుకుంటే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

నౌకరీ నిలిచింది. ఇంటికి నడుస్తుంటే అక్క ముందు, బావ వెనక, నేను మధ్యలో.

"ఉన్నదున్నట్టు చెప్తె ఏమైతుండె?" అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

"ఏమని చెప్పుదు? బూట్లు ఏసుకొని కట్టె గీక్కుంట కూసున్న అందునా? నా ముంగట అందరు తాగిన అన్నరు. ఆ సారుకు అది ఎరుకే, దానికి మందు గూడ ఎరుకే. నాది చెప్తె నన్ను పిచ్చి దవాఖానకు తోలుతుండె." కొంచెం దూరం నడిచాక, "సిగ్గైంది," అన్నాడు.

"గిప్పుడు కాలేదా?"

బావ దారి పక్క కంచె గుంజల మీద వేలు నడిపించుకుంటూ వెనకబడ్డాడు.

ఇంటికి రాగానే అక్క ఇనుపపెట్టె ఖాళీ చేసి నడిమింట్లో పెట్టింది. "దేవుని మీద ఒట్టు పెట్టినవ్, తాగనని. ఆ ఒట్టు సులువే. మల్ల నాకు?" అంది. బావ వరండాలోకి పోయి రంపం తెచ్చాడు. ఉలి తెచ్చాడు. సుత్తె తెచ్చాడు. రందాను మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుని, దాని ఇనుప పలకకు కొబ్బరినూనె రాసి, పాత బనీను గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాడు. "తడి తగలనియ్యకు. తుప్పు వడ్తది," అన్నాడు. నీళ్లచుక్క పడినా తువ్వాలతో తుడిచే మనిషి. అక్క తాళం వేసి, తాళంచెవిని పుస్తెలతాడుకు కట్టుకుంది.

ఆ తరువాత బావ ఒక్క నాగా పెట్టలేదు. అది చెప్పుకోవడానికి ఎంత బాగుంటుంది! ఆ రోజుల్లో చూడాలి మరి. సైరన్‌కు ముందే తయారై, ఖాళీ వరండాలో నిలబడి, ఎడమచేతి గోళ్ల మీద కుడిచేతి బొటనవేలు నడిపించుకునేవాడు. తెచ్చిన కట్టెముక్కను వాకిట్లోనే అక్కకు అందించి, పొయ్యి ముట్టించేటప్పుడు అక్కడ ఉండకుండా రోడ్డు మీదికి పోయేవాడు. అక్కకు ఇక పక్కింటికి పోయే పని లేదు. అయినా పోయేది, ఊరికే నిలబడి వచ్చేది.

లైనుకు మాత్రం మేము బాగా అర్థమైపోయాం. తలుపు గడియ, రేడియో, జ్వరాలు, అన్నీ ఇట్టే లెక్కకు వచ్చాయి. "లోపల్లోపల తాగుతుండెనన్నట్టు!" అన్నారు. బాయి పనిలో బావ జతగాడు, మా అక్కను చెల్లె అని పిలిచే పెద్దాయన, ఆయన రోజూ సాయంత్రం తాగేవాడే, వచ్చి బావ భుజం మీద చేయి వేసి, "ఇన్నొద్దులు నువ్వు మనోడివి కాదనుకున్న తమ్మీ," అన్నాడు. మా క్లాసులో నాతో ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల నా పక్కన వచ్చి కూర్చుని, "మా నాయిన గూడ తాగుతడే," అని చెప్పి ఏడ్చింది. తన డబ్బాలోది నాకు పెట్టింది. తిన్నాను.

తరువాత స్టేజీ ముచ్చట. కాలనీ గ్రౌండులో తాగుడు మానాలని మీటింగు పెట్టి, మానినవాళ్లకు శాలువాలు కప్పారు. బావ పోనన్నాడు. మనిషిని పంపించి మరీ పిలిపించారు. శాలువా కప్పి, ఎట్లా మానావో నలుగురికీ చెప్పమని మైకు ముందుకు తోశారు. బావ బల్ల అంచు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మైకులో ఆయన ఊపిరి గ్రౌండంతా వినబడింది.

"సైరన్ కంటె ముందే మెలుకువైతది," అన్నాడు చివరికి. "చేతులు గుంజుతయ్. ఒక్కటి, ఇంకొక్కటి అనిపిస్తది. దానికి కడ ఉండదు. నేను మానలే. మా ఇంటిది తాళమేసింది. తాళం తీస్తె నేను మల్ల గట్లనే అయిత."

అబద్ధం ఒక్క ముక్క లేదు. చప్పట్లు మోగిపోయాయి. ఆడవాళ్లు మా అక్క వైపు దేవతను చూసినట్టు చూశారు. అక్క కొంగు ముసుగులాగా లాక్కుంది. కిందికి దిగి వచ్చిన బావ శాలువా తీసి నా చేతుల్లో పెట్టి, "ఇది నువ్వు కప్పుకో పిల్లా. నాకు బరువైతంది," అన్నాడు.

ఏడాదికొక్క రోజు ఆ పెట్టె తెరిచేవాళ్లం. దసరాకు పనిముట్లను పూజించుకోవాలి కదా. నేను ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో కూడా దసరాకు అక్కడికే పోయేదాన్ని, ఆ పూట కోసమే. బావ తలస్నానం చేసి పీట మీద కూర్చునేవాడు. అక్క రంపానికి, ఉలికి, రందాకు పసుపు పూసి బొట్లు పెట్టేది. బావ రందాను గుడ్డ విప్పి, నూనె రాసి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేవాడు. అంతే. పూజ చేసిన రోజు పనిముట్టుకు పని చెప్పకూడదు. ఆ ఆచారం ఎవరు పెట్టారో కానీ, అవి బయటికి వచ్చేది ఆ ఒక్క రోజే, ఆ ఒక్క రోజే వాటితో పని చేయకూడదు. పొద్దుగూకే వేళకు మళ్లీ తాళం. ఒక్కసారైనా "ఇంకొక్క పట్టు" అంటాడేమో అని నేను ఎదురుచూసేదాన్ని. అనలేదు.

తొంభైల చివర బావకు ఊపిరి ఆడక దవాఖానలో పడుకోబెట్టారు. ఇనుప మంచం. ఆయన వేలు దాని పట్టీ మీద కాసేపు నడిచి, "దీన్ల ఏం లేదు," అని ఆయన అనగానే దుప్పట్లోకి పోయింది. ఆ రోజు అక్క ఆయన చెవి దగ్గరికి వంగి, "పెట్టె తెరవన్నా? రందా తెచ్చియ్యన్నా?" అంది. నేను అక్కడే ఉన్నాను. బావ చాలాసేపు అక్క మెడలోని తాళంచెవి వైపు చూశాడు.

"వద్దు," అన్నాడు. "తెరిస్తె డ్యూటీ వోతది."

ఇక ఏ డ్యూటీ? అక్క బయటికి వచ్చి గోడకు తల కొట్టుకుంది. "నేను చంపిన్నే ఆయనను," అంది. ఆమెను పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఆ వారం దాటకుండానే బావ పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడం. గోదావరి ఒడ్డున, పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెట్టి దూరంగా కూర్చుంటాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే లోపల ఏదో కోరిక ఉండిపోయిందని అర్థం. అన్నం పెట్టాం, కోడికూర పెట్టాం, గారెలు పెట్టాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. అందరూ తలా ఒక మాట అంటున్నారు. జతగాడు పెద్దాయన ఇక ఆగలేక లేచాడు.

"నాకెరుకే. తాగుడు ఇడిసిపెట్టిండు గని, ఆయన పానం దాన్ని ఇడిసిపెట్టలే. పాపం, గన్నేండ్లు నోరు కట్టుకున్నడు," అని జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. ముందే తెచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"ఆగు అన్నా," అంది అక్క.

పొద్దుటి నుంచి ఆమె ఒళ్లో ఒక సంచి ఉంది. పసుపు, కుంకుమ సామానేమో అనుకున్నాను. అందులోంచి పాత బనీను గుడ్డ చుట్టిన రందా తీసింది. గుడ్డ విప్పి, లేచి వెళ్లి, ఆకు పక్కన పెట్టింది. అందరి ముందూ నిలబడింది. అక్క అట్లా పదిమంది ముందు నిలబడి మాట్లాడడం నేను ఎంక్వయిరీ రోజు తరువాత మళ్లీ అప్పుడే చూశాను.

"ఆయన తాగలే. ఎన్నడు తాగలే," అంది. "ఆయనకు కట్టె యావ. గిది పట్టుకుంటె సైరన్ గూడ ఇనవడకపోయేది. గందుకే నాగాలు. చెప్పుకుంటె నవ్వుతరని తాగుడని చెప్పినం. ఆయన చెప్పిండు, నేను గూడ చెప్పిన. ఆయన కోరిక గిది. నేనే తాళమేసిన."

లైను ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మయ్య, అనేసింది, ఇన్నేళ్లకు అనేసింది అనుకున్నాను.

పెద్దాయన అక్క తల మీద చేయి పెట్టాడు. ఎంత ప్రేమగా పెట్టాడంటే, నేను ఆయనను ఇప్పటికీ తిట్టుకోలేను. "గట్లనే అనాలె చెల్లె. పోయినోని పేరు మంచిగుండాలె. ఏ పెండ్లామైనా గట్లనే అంటది," అన్నాడు. "గని మాతోని సిగ్గెందుకు? మేమందరం తాగేటోల్లమే. తాగుడు తప్పు కాదు బిడ్డా."

"కాదన్నా, ఆయన..."

"నువ్వు ఫికర్ వడకు," అని సీసా మూత తిప్పి, ఆకు చుట్టూ ధారగా పోశాడు. మిగిలింది, ఆయన ముచ్చట పడ్డ వస్తువు కదా దీనికీ కొంచెం అన్నట్టు, రందా మీద పోశాడు.

ఆయన ఇట్లా వెనక్కి జరిగాడో లేదో, కాకి దిగింది. కోడి ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. దాని వెనక ఇంకో రెండు.

"సూసినవా!" అన్నారు అందరూ ఒక్కసారే. "మందు వోసినంకనే వచ్చింది!" కొందరు దండం పెట్టుకున్నారు. పెద్దాయన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు.

అక్క ఏడ్వలేదు. మెల్లగా పోయి, కాకుల మధ్యలోంచి రందా తీసుకుని, నేల మీద కూర్చుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. పలక మీద తుడిచింది, కట్టె పిడి తుడిచింది, వేలు పట్టే సందులో కొంగు కొస దూర్చి తుడిచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోతోంది పాపం అని వెనక ఎవరో అన్నారు. అక్క బొటనవేలు దాని అంచు మీద ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది.

"లేవే," అంది నాతో. "జల్ది ఇంటికి వోదాం. తడి తగిలింది. నూనె రాయకపోతె తుప్పు వడ్తది."